దున్నపోతుల సంధికి రాయబారులు

హైదరాబాదు వెళ్ళి వచ్చానని తెలియగానే మా ఊళ్ళో ప్రతివాడూ అడిగేది ఒకటే: చార్మినార్ చూశావా? చూశాను. నాలుగు మీనార్లూ ఉన్నాయి. చూసి వచ్చినవాళ్ళందరూ దాని గురించే చెప్తారు కనుక నేను చెప్పను. దాని దాపున ఒక ఇరానీ హోటల్లో రెండు పేటల మధ్య జరిగిన సంధిని చూసి వచ్చాను. అది మరొకరికి దొరికే భాగ్యం కాదు. వెళ్ళనివాళ్ళ కోసం ఆ సంగతి రాస్తున్నాను.

సరిహద్దు దగ్గర

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. యుద్ధంలో మూడేళ్ళు తూర్పు సరిహద్దున కంచరగాడిదలకు మందు పోశాను. నేను మందు పోస్తుంటే వాటి తల పట్టుకున్నవాడు సైదాబాద్ మల్లేశం. ఒకరి ప్రాణం ఒకరి చేతిలో ఉన్న స్నేహం మాది, ఎందుకంటే అతను పట్టు వదిలితే గాడిద కరిచేది నన్నే. యుద్ధం ముగిసిన మరుసటి చలికాలంలో అతను ఉత్తరం రాయించాడు. గేదె ఒకటి మేత ముట్టడం లేదట, పైగా నేను హైదరాబాదు చూడలేదట, వెంటనే రమ్మన్నాడు.

నిజాం సరిహద్దులో పెట్టె తెరిపించారు. అందులో గేదెల కడుపుబ్బరానికి వాడే టర్పెంటైన్ సీసా ఉంది. తనిఖీ చేసే పెద్దమనిషి దాన్ని సారా అనుకున్నాడు. మందని ఎంత చెప్పినా నమ్మక బిరడా తీసి గుండెల నిండా పీల్చాడు. ఆ తర్వాత చాలాసేపు ఎవరి పెట్టెనూ తెరవలేదు.

అక్కడి రూపాయిని హాలీ అంటారు, మన రూపాయిని కల్దార్ అంటారు. మనది కాస్త ఎక్కువ. స్టేషన్ బయట టాంగావాడు రూపాయి అడిగితే గొంతు బొంగురుపోయేదాకా బేరమాడి రెండణాలు తగ్గించాను. దిగాక ఆ పద్నాలుగణాలూ కల్దార్ డబ్బుల్లోనే దర్జాగా ఇచ్చాను. నేను తగ్గించినదంతా మళ్ళీ అతని జేబులోకే వెళ్ళిందని మల్లేశం చెప్పేసరికి టాంగా సందు మలుపు తిరిగింది.

సైదాబాద్‌లో

మల్లేశం ఇంటి ముందు పదకొండు గేదెలున్నాయి. లోపల అతని భార్య యాదమ్మ జొన్న రొట్టెలు కొడుతోంది. రొట్టెలోకి పుంటికూర పెట్టింది. చూస్తే అది మన గోంగూరే, అక్కడ పేరు మార్చుకొని ఉంది. మనం అందులో వేసే నూనె కూడా లేదు. అయినా నాలుగు రొట్టెలు తిన్నాను. ఐదోది వద్దన్నది మర్యాద కోసమే. యాదమ్మ దాన్ని నిజమని నమ్మింది. అది మాత్రం నాకు నచ్చలేదు.

గేదె జబ్బు చిటికెలో తేలింది. పన్ను పుచ్చిపోయింది. కానీ ఆ ఇంట్లో సరిగ్గా తిననిది గేదె ఒక్కటే కాదు. యాదమ్మ అందరికీ వడ్డించి, తను కంచం ముందు కూర్చొని ఊరికే లేచిపోయింది. కారణం అడిగితే మల్లేశం పినతండ్రి బక్కయ్య చెప్పాడు. ఆయన ఆ పేట పాలవాళ్ళకు పెద్ద, మీసం ఉన్న మనిషి.

రెండేళ్ళ కింద దీపావళి మర్నాడు దున్నపోతుల ఊరేగింపు జరిగిందట. పాతబస్తీ గల్లీలో బక్కయ్య దున్నపోతు షేరు, జల్‌పల్లి పాలవాళ్ళ పెద్ద ఎల్లయ్య దున్నపోతు రాజా ఎదురుపడి కుమ్ముకున్నాయి. వాటిని విడదీయబోయిన మనుషులు కర్రలతో కొట్టుకున్నారు. ఆ తెల్లవారి పాలు అమ్మే అడ్డా మీద ఒకరి పాలకుండలు ఒకరు పగలగొట్టారు. అప్పటి నుంచీ రెండు పేటల మధ్య రాకపోకలు బంద్. గీత దాటినవాణ్ణి కులం నుంచి వెలేస్తారు.

"గాడ మేము పెద్ద లడాయి ఖతం చేసి వస్తి, ఈడ చూస్తే గీ లడాయి ఇంక నడుస్తనే ఉండె, కాంపౌండర్ సాబ్," అన్నాడు మల్లేశం.

ఆ ఎల్లయ్య ఎవరో కాదు, యాదమ్మ తండ్రి. బక్కయ్య కూతురు లచ్చమ్మ జల్‌పల్లిలో కోడలు. ఇద్దరు ఆడపిల్లలూ రెండేళ్ళుగా పుట్టింటి గడప తొక్కలేదు. పైగా వచ్చే శుక్రవారం యాదమ్మ చెల్లెలి పెళ్ళి.

"మా అమ్మ పొయ్యేనాటికి దానికి మూడేండ్లన్నా," అంది యాదమ్మ రొట్టె తిప్పుతూ. "చంకనేసుకొని పెంచిన. నేను లేంది అది పీటల మీద కూసుంటదా?"

పొగ కళ్ళలో పడ్డదన్నట్టు కొంగుతో తుడుచుకుంది. పొయ్యిలో పొగ లేదు.

సంధి మాటలకు రెండు పక్కలా ఒప్పుకున్నారట. రాయబారులను ఎంచడమే మిగిలింది. ఎంచే పద్ధతి విని ముందు తమాషా అనుకున్నాను. మన పక్క రాయబారిని మనం ఎంచుకోకూడదు, ఎదుటివాళ్ళు ఎంచాలి. ఎవరి చేతిలో వాళ్ళు తాంబూలం పెడితే ఆ మనిషి వెళ్ళి తీరాలి.

"మనోణ్ణి మనం తోలిస్తే ఏమైతది? లొల్లి చేసెటోణ్ణే తోలిస్తం," అన్నాడు బక్కయ్య. "వాళ్ళు గట్లనే తోలిస్తరు. ఇగ సంధి యాడిది? మా తాతల నాటి కాయిదా ఇది."

ఆ రోజుల్లో ఏ పత్రిక చూసినా ఓడిన దేశాలతో సంధికి ఎవరిని పంపాలన్న రాద్ధాంతమే. పెద్ద పెద్ద దొరలకు రాని ఆలోచన పాలు పిండేవాళ్ళకు ఎలా వచ్చిందా అనుకున్నాను. మర్నాటికి అందులో లోపం కూడా కనపడింది.

పాతబస్తీలో

లోపం ఇదీ. ఎదుటివాళ్ళు ఎంచేటప్పుడు మెత్తనివాణ్ణి, మాట రానివాణ్ణి, ఇంకా చెప్పాలంటే వెర్రివాణ్ణి ఎంచుతారు. కనుక రాయబారి కావాలన్న ఆశ ఉన్న ప్రతి తెలివైనవాడూ వెర్రివాడిలా కనపడాలి. పొద్దున లేచేసరికి పేటంతా మారిపోయింది. బక్కయ్యకు రాత్రికి రాత్రే చెవుడు వచ్చింది. పక్కింటాయన కుంటుతున్నాడు. ఆ కాలు మధ్యాహ్నం భోజనమయ్యాక రెండో వైపుకు మారింది.

మల్లేశానికి మరీ తొందర. సంధి కుదిరితేనే భార్యకు పెళ్ళి దక్కుతుంది. కానీ పల్టనులో పనిచేసి వచ్చినవాణ్ణి మెత్తనివాడని ఎవరనుకుంటారు? అందుకని తుపాకుల మోతకు మతి చెడిందని నన్ను సర్టిఫికెట్ రాయమన్నాడు. నేను పశువుల కాంపౌండర్నని చెప్పాను. అయితే పశువుకు రాసినట్టే రాయమన్నాడు. రాశాను: 'మేత బాగానే తింటుంది, బుద్ధి నిలకడ లేదు.'

ఆ పూట యాదమ్మ నన్ను చెల్లెలికి గాజులు తెమ్మని పాతబస్తీకి పంపింది. లాడ్ బజారులో గాజుల దుకాణాలు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. మన దగ్గర గాజులమ్మి ఇంటికి వస్తుంది, అక్కడ మనమే పోవాలి. నాకు వచ్చిన హిందుస్తానీ అంతా కంచరగాడిదలతో మాట్లాడి నేర్చుకున్నదే. "రుక్," అన్నాను దుకాణదారుతో. ఆయన ఆగాడు. "ఇధర్," అన్నాను. పాపం, వచ్చాడు. గాజులు చూపించి, వెనక్కి జరగమని "పీఛే హట్" అన్నప్పుడు మాత్రం ఆయన ముఖం మారింది. కొలత ఎంత అని తెలుగులోనే అడిగాడు.

యాదమ్మ ఇచ్చిన దారం ముక్క తీశాను. అది ఇస్తూ ఆమె, "రెండేండ్ల కింది చెయ్యి నాకెరుకన్నా. ఇప్పటి చెయ్యి ఎంతుందో ఎరుక లేదు," అంది. ఆ మాట దుకాణదారుకు చెప్పడానికి గాడిదల భాష చాలలేదు. దారం కొలతవి ఒక జత, అంతకంటే కాస్త పెద్దవి ఒక జత తీసుకున్నాను. ఆయన ఏమర్థం చేసుకున్నాడో, రెండో జతకు సగమే తీసుకున్నాడు.

తాంబూలం

మర్నాడు జల్‌పల్లి నుంచి తాంబూలం వచ్చింది. తెచ్చినవాడు ఎల్లయ్య పెద్ద పాలేరు. సైదాబాద్ మగవాళ్ళందరూ కొట్టం ముందు వరసగా నిలబడ్డారు. ఇన్ని రకాల వెర్రి ముఖాలు నేను పల్టనులో కూడా చూడలేదు. మల్లేశం గేదెకు సెల్యూట్ కొడుతున్నాడు. నేను అతని పక్కన సర్టిఫికెట్ పట్టుకొని నిలబడ్డాను. బక్కయ్య నోరు తెరిచి ఆకాశం చూస్తున్నాడు.

పాలేరు ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వచ్చాడు. నా సర్టిఫికెట్ చదవమని చేతికిచ్చాను. చదువు రాదన్నాడు. మమ్మల్నందరినీ దాటుకొని గోడవైపు పోయాడు. అక్కడ యాదమ్మ పిడకలు కొడుతోంది.

"చెయ్యి కడుక్కొని అందుకో బిడ్డా," అన్నాడు. "మీ బాపు నిన్నే ఎంచిండు."

కొట్టం ముందు ఒక్కసారి లొల్లి లేచింది. ఆడమనిషి ఏంది, వాళ్ళ బిడ్డనే వాళ్ళు ఎంచుడేంది, ఇది దగా అని కుంటివాడు రెండు కాళ్ళ మీదా ఎగిరాడు. అందరూ బక్కయ్యవైపు చూశారు. కాదనమన్నారు. బక్కయ్య మాత్రం చెవుడు తగ్గకుండానే నిలబడ్డాడు.

"కాదనరాదు," అన్నాడు చివరికి.

"ఎందుకు?"

"పొద్దుగాలనే నేను గుడ తాంబూలం తోలిచ్చిన. నా బిడ్డ లచ్చమ్మకు."

కూతురైతే తండ్రి పక్షాన మాట్లాడుతుందని ఆయన లెక్క. అదే లెక్క ఎల్లయ్యకూ తోచింది. తన ఒక్కడికే తెలివి ఉందనుకొని రెండు రోజులు చెవిటివాడిగా ఉన్నందుకు బక్కయ్య కుంగిపోయాడు.

ఆ సాయంత్రం పేట మగవాళ్ళందరూ వచ్చి యాదమ్మకు సలహాలు ఇచ్చారు. ముందు తప్పు ఒప్పించాలన్నారు. కుండల ఖరీదు అడగాలన్నారు. కళ్ళనీళ్ళు పెట్టొద్దన్నారు. ఆమె పప్పు ఎనుపుతూ అన్నీ విన్నది.

"అందరు చెప్పుడైందా?" అంది. "ఇగ బువ్వ తినుండ్రి."

తెర వెనక

సంధికి చోటు చార్మినార్ దాపున ఇరానీ హోటల్. హోటల్ యజమాని రెండు పక్కల పాలూ కొనే మనిషి. ఏ పక్కకూ చుట్టం కాడు, అందరూ ఆయన్ని ఆగా సాబ్ అంటారు. ఈ పేటల యుద్ధం సాగినన్నాళ్ళూ ఒక రోజు ఒకరి పాలు, మర్నాడు మరొకరి పాలు కొనాల్సి వచ్చి చాయ్ రుచి మారిపోయేదని ఆయన బాధ.

ఆ హోటల్లో ఆడవాళ్ళ కోసం ఒక పక్కన తెర కట్టిన గది ఉంది. యాదమ్మ, లచ్చమ్మ అందులోకి వెళ్ళారు. తెర పడింది. రెండు పేటల మగవాళ్ళూ బయట మిగిలిపోయారు. రాయబారులు ఆడవాళ్ళయితే మాటలు మనకు వినపడవన్న సంగతి ఏ తెలివైనవాడికీ ముందు తట్టలేదు. ఆగా సాబ్ సైదాబాద్‌ను కుడి బల్లల దగ్గర, జల్‌పల్లిని ఎడమ బల్లల దగ్గర కూర్చోబెట్టి ఒక షరతు పెట్టాడు. ముందు గొంతు పెంచినవాడు అందరి చాయ్‌కీ డబ్బివ్వాలి. అక్కడ చాయ్ అర్ధణా. చిక్కగా, మన కాఫీ తాగేవాడికి కూడా కోపం రానంత బాగుంది. ఇద్దరు స్నేహితులైతే ఒక కప్పు చెప్పి, సగం సాసరులో పోసుకొని పంచుకుంటారు. ఆ రోజు ఎవరూ పంచుకోలేదు.

తెర వెనక ముందు ఏడుపు వినపడింది. ఇద్దరిదీ. సైదాబాద్ బల్లలు, జల్‌పల్లి బల్లలు రెండూ మీసాలు దువ్వుకున్నాయి. తర్వాత ముక్కు చీదిన చప్పుడు. తర్వాత రెండు చాయ్, ఒక ప్లేటు లుక్మీలు లోపలికి వెళ్ళాయి. లుక్మీ అంటే నలుపలకల సమోసా అనుకోండి, లోపల కైమా ఉంటుంది. మళ్ళీ ఒక ప్లేటు. ఆ పైన నవ్వులు.

తెర లోపలికి వెళ్ళే హక్కు ముసలి బేరర్‌కు ఒక్కడికే ఉంది. బయటికి రాగానే రెండు వైపుల నుంచీ అతని చెయ్యి పట్టుకున్నారు.

"క్యా చల్‌రా అందర్?" అన్నాడు బక్కయ్య గుసగుసగా.

"అబ్బీ తక్ సాస్ చల్‌రీ," అన్నాడు బేరర్.

ఇప్పటిదాకా అత్తగారి సంగతే నడుస్తోందట. ఇంకో ప్లేటు ఇచ్చి వచ్చి, అత్తగారు అయిపోయిందనీ ఆడబిడ్డ మొదలైందనీ చెప్పాడు. ఎల్లయ్య తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. మల్లేశం నా చెవిలో, "కాంపౌండర్ సాబ్, నా సంగతి గిట్ల వస్తదా?" అన్నాడు. తప్పకుండా వస్తుందన్నాను. అతను చాయ్ పక్కకు నెట్టేశాడు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక తెర తీసుకొని ఇద్దరూ వచ్చారు. లచ్చమ్మ ముందు మాట్లాడింది.

"లొల్లి సురువు చేసింది మీరా, దున్నపోతులా?"

"దున్నపోతులే," అన్నారు రెండు పక్కలా. అది ఒప్పుకోవడం అందరికీ సుఖం.

"గట్లయితే సంధి గుడ వాటిదే. షేరు జల్‌పల్లికి రావాలె. రాజా సైదాబాదుకు పోవాలె. కుండమార్పిడి. మమ్ముల ఇచ్చుకోలేదా, గట్లనే."

"ఇగ రేపు రాజాను మీరెవ్వరు తిట్టరు," అంది యాదమ్మ సైదాబాద్ బల్లలతో. "మీ కొట్టంల ఉన్నది కదా. షేరును వాళ్ళు తిట్టరు. ఎవని బిడ్డ ఎవని ఇంట్ల ఉంటె వాడు నోరు మూసుకుంటడు."

ఎల్లయ్య దిగ్గున లేచాడు. "నా రాజానా? పరాయోళ్ళ కొట్టంల కడ్తనా!" అని అరిచాడు. గాజు కప్పులు గలగలలాడాయి.

"పరాయోళ్ళా బాపూ?" అంది యాదమ్మ. గొంతు పెంచలేదు. "మరి నన్ను ఎవ్వరింటికి తోలినవు?"

ఎల్లయ్య మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. ఆగా సాబ్ లేచి వేళ్ళ మీద కప్పులు లెక్కపెట్టుకొని, నలభై రెండు చాయ్‌లు ఎల్లయ్య పేర రాసుకున్నాడు. లుక్మీలు తన వంతు అన్నాడు.

జల్‌పల్లి బాటలో

శుక్రవారం పొద్దున్నే రెండు పేటలకూ నడిమధ్య బాట మీద దున్నపోతుల అప్పగింత జరిగింది. బక్కయ్య షేరుకు తల స్నానం చేయించి, నూనె పెట్టి, మెళ్ళో గవ్వల దండ వేసి తెచ్చాడు. బొట్టు పెడుతూ బొటబొటా కన్నీళ్ళు కార్చాడు. లచ్చమ్మ దూరం నుంచి చూస్తోంది. తన పెళ్ళినాడు తండ్రి ఇంత ఏడ్వలేదని ఆమె ముఖం చెప్తూనే ఉంది.

ఎల్లయ్య రాజా పగ్గం మల్లేశం చేతిలో పెట్టాడు కానీ వదల్లేదు. నేను పశువుల మనిషినని తెలిసి నన్ను దగ్గరికి పిలిచి రాసుకోమన్నాడు.

"ఎండకు కట్టకుండ్రి. పొద్దుగాల సల్లనీళ్ళు పెట్టకుండ్రి. ఉరుమితె బెదురుతది, పక్కన మనిషి ఉండాలె. కొత్త జాగల రెండు దినాలు ఏం తినదు, గుస్స కాకుండ్రి, బుజ్జగించి పెట్టుండ్రి."

నేను రాసుకుంటున్నాను. యాదమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది.

"బాపూ," అంది. "నన్ను తోలిన నాడు గిదంత ఎవ్వరికి చెప్పకపోతివి."

ముసలాయన రాజా మెడ మీద చెయ్యి వేశాడు. అల్లుడివైపు తిరిగాడు.

"అల్లుడా," అన్నాడు. "నా బిడ్డకు గుడ ఉరుములంటె భయం. చిన్నప్పటి సంది."

"ఎరుకే మామా," అన్నాడు మల్లేశం. "తొమ్మిదేండ్లాయె. ఉరిమితె నేనే పక్కన కూసుంట. పల్టనుల ఉన్నప్పుడు గుడ, ఉరిమితె గాడిదల వదిలి దాన్నే యాద్ చేసుకుంటి."

అది నిజం. ఒకసారి ఉరిమినప్పుడు అతను పట్టు వదిలేశాడు, గాడిద నా భుజం కరిచింది. ఎందుకు వదిలాడా అని మూడేళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ రోజు తెలిసింది. ఎల్లయ్య పగ్గం వదిలేశాడు.

ఇక షేరు కదలాలి. కదల్లేదు. బక్కయ్య బతిమాలాడు. జల్‌పల్లి వాళ్ళు నలుగురు తోశారు. నేను ముందుకు వచ్చి పల్టను గొంతుతో "చల్" అన్నాను. అది నావైపు చూసి పేడ వేసింది. అప్పుడు యాదమ్మ దాని చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది. షేరు ఒకసారి వెనక్కి బక్కయ్యను చూసి, ఆమె వెంట నడిచింది. రెండేళ్ళ తర్వాత పుట్టింటికి యాదమ్మ అలా వెళ్ళింది, ఒక చేతిలో చీర మూట, ఒక చేతిలో దున్నపోతు పగ్గం పట్టుకొని.

జల్‌పల్లి మొదటి ఇంటి దగ్గరికి చేరేసరికి పెళ్ళికూతురు పసుపు ఒంటితోనే ఎదురు పరుగెత్తుకొచ్చింది. "అక్కా!" అని మీద పడింది. ఇద్దరి మధ్యా ఇరుక్కుని షేరు మూతికి కూడా పసుపు అంటింది. యాదమ్మ అక్కడే, బాట మీదే, మూట విప్పి గాజులు తీసింది. దారం కొలతవి చెల్లెలి చేతికి ఎక్కలేదు. పెద్దవి సరిపోయాయి. చిన్నవి యాదమ్మ ఊరికే చేతిలో పట్టుకొని కాసేపు చూసి కొంగున ముడేసుకుంది.

పెళ్ళి భోజనంలో యాదమ్మే వడ్డించింది. ఈసారి మర్యాదకు కూడా ఏదీ వద్దనలేదు నేను. ఆమె కూడా మా వరస చివర కూర్చొని కడుపు నిండా తింది. పొద్దుట్నుంచీ మనసులో ఉన్న ప్రశ్న అప్పుడు అడిగాను. ఇన్నేళ్ళు పశువులతో బతికినవాణ్ణి, నాకు లొంగనిది ఆమెకెలా లొంగిందో తెలుసుకోవద్దా?

"దాని చెవిలో ఏం చెప్పావమ్మా?"

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. గోడ అవతల షేరు ముందు జల్‌పల్లి మగవాళ్ళందరూ గడ్డి పట్టుకొని బతిమాలుతున్నారు. అది తల తిప్పుకొని నిలబడింది.

"ఏమున్నదన్నా," అంది. "రెండు దినాలు ఏం ముట్టకు, మూడో దినం సంది నువ్వు చెప్పిందే నడుస్తదని చెప్పిన."